బాధ ఎందుకని అడిగేవారికి ఒక క్రైస్తవుని జవాబు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

దేవుడున్నాడా లేడా అన్న విషయంపై మీ లేఖల శీర్షికలో కొంతకాలంగా సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. కృష్ణా జిల్లాకు చెందిన ఒక పాఠకులు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను గుర్తుచేస్తూ, గుడికి వెళ్లేవారినీ మసీదుకు వెళ్లేవారినీ చర్చికి వెళ్లేవారినీ ఒకే కెరటం ఊడ్చుకుపోయిన రోజున ప్రేమామయుడని మీరు చెప్పే దేవుడు ఏం చేస్తున్నాడని క్రైస్తవులను సూటిగా అడిగారు. ఆ తర్వాత వచ్చిన జవాబుల్లో కొన్ని ఆయనను నాస్తికుడని నిందించి ఊరుకున్నాయి. మరికొన్ని, మనిషి పాపం పండినప్పుడు ప్రకృతి ఇలాగే శిక్షిస్తుందని తేల్చేశాయి. ఒంగోలు ప్రాంతంలో సైన్సు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను, బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగి ఇప్పటికీ అదే మందిరానికి వెళ్తున్న విశ్వాసిని. ఆయన ప్రశ్న న్యాయమైనదని, దానికి వచ్చిన ఆ రెండో రకం జవాబు క్రైస్తవం చెప్పేది కానే కాదని ముందుగా స్పష్టం చేయడం నా బాధ్యతగా భావించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే పది వేలమందికి పైగా చనిపోయారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారిలో పాలు తాగే పిల్లలున్నారు, కూలికి వెళ్లి తిరిగిరాని తల్లులున్నారు. వారంతా బతికి బయటపడిన మనకంటే ఎక్కువ పాపులని చెప్పడానికి ఎవరికైనా నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. ఈ మాట నేను దయతో మాత్రమే అనడం లేదు, బైబిలు ఆధారంగా అంటున్నాను. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో యెరూషలేములోని సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ప్రస్తావనకు వస్తుంది. వారు ఆ పట్టణంలోని మిగతావారందరికంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తానే చెబుతాడు. చెప్పి, వింటున్నవారి చూపును చచ్చినవారి లెక్కల మీదనుంచి వారి సొంత బతుకుల మీదికి మళ్లిస్తాడు. యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాడిని చూసిన శిష్యులు, ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని అడిగినప్పుడూ అంతే, ఇద్దరూ కారన్నదే ఆయన జవాబు. ఇంత స్పష్టంగా రాసి ఉండగా, ప్రతి తుఫాను తర్వాతా ప్రతి రోడ్డు ప్రమాదం తర్వాతా వేదికలెక్కి పాపపు లెక్కలు చెప్పే బోధకులు, వారు ఏ సంఘానికి చెందినవారైనా సరే, తమ ప్రభువు మాటకే ఎదురు చెబుతున్నారు.

ఈ విషయంలో బైబిలులోని యోబు గ్రంథాన్ని మించి మాట్లాడగలిగేది మరొకటి లేదు. నీతిమంతుడని దేవుడే ఒప్పుకున్న మనిషి ఒక్కరోజులో ఆస్తిని, పిల్లలను పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చుంటాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు అతణ్ణి ఓదార్చడానికి వస్తారు. ఏడు రోజులు ఒక్క మాటా మాట్లాడకుండా అతని పక్కన నేలమీద కూర్చుంటారు; ఆ పుస్తకమంతటిలో వారు చేసిన మంచిపని అదొక్కటే. నోరు విప్పిన దగ్గరనుంచి, నీవు ఏదో తప్పు చేయకపోతే ఇలా జరగదని రకరకాలుగా వాదిస్తారు. యోబు ఒప్పుకోడు. తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు, దేవుణ్ణి న్యాయస్థానానికి పిలుస్తాడు, నాపై నీకున్న అభియోగమేమిటో చెప్పమని నిలదీస్తాడు. చివర సుడిగాలిలోనుంచి దేవుడు మాట్లాడినప్పుడు ఎవరి వైపు నిలిచాడన్నది మన చర్చకు ఆయువుపట్టు. దేవుడి పక్షాన వాదించామనుకున్న ఆ ముగ్గురితో, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని ఆయన కోపపడతాడు. దేవుణ్ణి ప్రశ్నించినవాడి మీద కాదు, దేవుడి తరఫున అబద్ధపు లెక్కలు చెప్పినవారి మీద ఆయన కోపం. సుడిగాలిలోనుంచి వచ్చిన ఆ మాటల్లో కూడా యోబు బాధకు కారణమేమిటో దేవుడు చెప్పలేదన్న సంగతిని మనం దాచిపెట్టకూడదు.

అయితే కారణమే చెప్పలేని విశ్వాసం దేనికని ఆ పాఠకులు అడగవచ్చు. క్రైస్తవ తత్వవేత్తలు కొన్ని కారణాలు చెప్పారు, వాటిలో కొంత బలం ఉందనే నా అభిప్రాయం. మనిషికి నిజమైన స్వేచ్ఛ ఉన్నచోట ఆ స్వేచ్ఛతో ఎదుటివాడిని గాయపరిచే అవకాశమూ ఉంటుంది. హత్యలు, యుద్ధాలు, ఆకలిచావుల్లో అధికభాగం మనుషులు మనుషులకు చేసినవే. ప్రకృతి విపత్తుల సంగతి వేరు. సముద్రాన్ని వేడెక్కించే సూర్యరశ్మి, తేమను మోసుకొచ్చే గాలి, గాలిని తిప్పే భూభ్రమణం లేకపోతే మన పొలాలకు వానలూ ఉండవు. ఆ కార్యకారణాలే మరో కలయికలో తుఫాను అవుతాయి. నియమబద్ధమైన ప్రపంచంలోనే మనిషి ఏదైనా నేర్చుకోగలడు, ఏదైనా కట్టగలడు అన్నది నిజం. దివిసీమ తర్వాత తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి, హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది. అవి సాధ్యమైంది తుఫాను కూడా నియమాలకు లోబడే నడుస్తుంది కాబట్టే. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఈ తర్కం నిలబడదని నాకు తెలుసు. నిలబెట్టాలని చూడడం కూడా తప్పే. సరిగ్గా అక్కడే క్రైస్తవ విశ్వాసం మరో దారి పడుతుంది.

ఆ దారి సిలువ. క్రైస్తవం బాధకు ఇచ్చే జవాబు వివరణ రూపంలో లేదు, ఒక మనిషి రూపంలో ఉంది. సర్వసృష్టికీ కర్త అయిన దేవుడు నజరేతు అనే చిన్న ఊరిలో వడ్రంగి ఇంట పెరిగి, స్నేహితుడు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచి, సన్నిహితుల్లో ఒకడు అమ్మేయగా, మిగిలినవారు పారిపోగా, రోమా ప్రభుత్వం బానిసలకూ తిరుగుబాటుదారులకూ విధించే నీచమైన శిక్షకు గురై చనిపోయాడన్నదే మేము నమ్మేది. ఆ సిలువ మీద ఆయన నోట వచ్చిన మాట, నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి అన్నది. ఇది ఇరవై రెండో కీర్తన మొదటి పాదం. ఉప్పెన రోజున దివిసీమలో ఎంతమంది తమ తమ భాషలో, తమ తమ దైవాన్ని ఇదే మాట అడిగి ఉంటారో ఊహించవచ్చు. ఆ పాఠకులు అడిగిన ప్రశ్నను దేవుని కుమారుడే దేవుణ్ణి అడిగాడని మా సువార్తలు దాచకుండా చెబుతున్నాయి. కాబట్టి ఆ రోజున దేవుడు ఏం చేస్తున్నాడన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: ఆయన ఒడ్డున నిలబడి చూస్తున్నవాడు కాదు, కొట్టుకుపోతున్నవారితో ఉన్నవాడు. దీన్ని నేను నిరూపించలేను. సిలువ మీద వేలాడినవాడు దేవుడే అయితే మాత్రం మరోలా అనుకోవడానికి వీలులేదు.

అదంతా భావుకత, చరిత్రలో యేసు అనేవాడే లేడని కొందరు పాఠకులు రాశారు. ఈ వాదనకు చరిత్రకారుల్లో, వారు విశ్వాసులైనా కాకపోయినా, మద్దతు బహు స్వల్పం. క్రైస్తవులంటే ఏమాత్రం గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీస్తుశకం రెండో శతాబ్దం తొలినాళ్లలో రాస్తూ, తిబెరి చక్రవర్తి కాలంలో యూదయను పాలించిన రోమా అధికారి పొంతి పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని నమోదు చేశాడు. ఇక పునరుత్థానం, అంటే యేసు చనిపోయి తిరిగి లేవడం సంగతి. సిలువ మరణం జరిగిన పాతికేళ్ల ప్రాంతంలోనే, తొలితరం క్రైస్తవ బోధకుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో, లేచిన క్రీస్తును ఐదువందల మందికి పైగా చూశారనీ వారిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ రాశాడు. అంటే, కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టే. అదే అధ్యాయంలో, క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని కూడా అన్నాడు. తన మతం దేనిమీద ఆధారపడిందో, ఏది అబద్ధమని తేలితే కూలిపోతుందో ఇంత నిర్భయంగా చెప్పిన మాట నన్ను యౌవనంలోనే కట్టిపడేసింది. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలు, వారిలో మగ్దలేనే మరియ ముఖ్యురాలు. స్త్రీల సాక్ష్యానికి పెద్దగా విలువ ఇవ్వని సమాజంలో కథ అల్లాలనుకున్నవాడెవడూ మొదటి సాక్షులుగా స్త్రీలను నిలబెట్టడు. ఇవి గణితంలోని రుజువుల వంటివి కావని నేను ఒప్పుకుంటాను. బుద్ధి ఉన్నవాడు నమ్మడానికి ఇవి తగిన ఆధారాలని మాత్రం గట్టిగా చెబుతాను.

సైన్సు చదివినవాడు దేవుణ్ణి ఎలా నమ్ముతాడన్న ప్రశ్న నా ఉద్యోగకాలమంతా సహోపాధ్యాయులు అడిగిందే. తరగతిలో నేను బఠానీ మొక్కల ప్రయోగాలు చెప్పేటప్పుడు, ఆ ప్రయోగాలు చేసి 1866లో ప్రచురించిన గ్రెగర్ మెండల్ బ్రనో పట్టణపు మఠంలోని సన్యాసి అని పిల్లలకు చెప్పేవాణ్ణి. విశ్వం విస్తరిస్తోందని 1927లో ప్రతిపాదించి, అదంతా ఒక ఆదిమ అణువునుంచి మొదలైందని 1931లో సూచించిన జార్జి లెమైత్ర్ బెల్జియంకు చెందిన కథోలిక గురువు. 1951లో పోపు పన్నెండవ పయస్, విశ్వానికి ఆరంభం ఉందన్న ఈ సైన్సు సృష్టి సిద్ధాంతాన్ని బలపరుస్తోందన్న ధోరణిలో ప్రసంగించినప్పుడు లెమైత్ర్‌కు అది రుచించలేదు. భౌతికశాస్త్ర సిద్ధాంతాన్ని విశ్వాసానికి ఊతకర్రగా వాడకూడదన్నది ఆయన నిశ్చితాభిప్రాయం. నాదీ అదే. ఆదికాండము మొదటి అధ్యాయాన్ని భూగర్భశాస్త్ర పాఠంగా చదివి, పిల్లల చేత పరిణామ సిద్ధాంతాన్ని తిట్టించే బోధకులు మా పిల్లల విశ్వాసానికి చేస్తున్న చేటు ఏ నాస్తికుడూ చేయలేదు.

ముగ్గురు దేవుళ్లను కొలుస్తూ ఒక్కడే దేవుడంటారేమిటని అడిగినవారికి కొద్దిలో చెబుతాను. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురిలోనూ ఉన్న దైవత్వం ఒక్కటే అన్నది క్రీస్తుశకం 325లో నీకయలోను, 381లో కాన్‌స్టాంటినోపులులోను జరిగిన మహాసభలు స్థిరపరచిన విశ్వాసం. సండే స్కూల్లో దీనిని నీరు, మంచు, ఆవిరి అన్న పోలికతో చెబుతుంటారు కాని ఆ పోలిక తప్పు. ఒకే వ్యక్తి మూడు వేషాలు వేశాడనే అర్థం అందులోనుంచి వస్తుంది, దానిని సంఘం ఆనాడే తోసిపుచ్చింది. దేవుడు ప్రేమ అయి ఉన్నాడని యోహాను రాశాడు. లోకం పుట్టకముందు ప్రేమించడానికి ఎవరూ లేని ఒంటరి దేవుడైతే ఆ మాటకు అర్థం ఉండేది కాదు. అంతకుమించి నేను వివరించబోను.

ప్రార్థన విషయం అంత తేలికగా దాటగలిగింది కాదు. మా సంఘంలో నేను సండే స్కూలు చూసుకునే రోజుల్లో, క్యాన్సరుతో తల్లిని పోగొట్టుకున్న ఒక పిల్లవాడు పాఠమయ్యాక వెళ్లకుండా బల్ల దగ్గరే నిలబడ్డాడు. చేతిలో వాక్యాల కార్డు ఉంది, అడుగుడి మీకియ్యబడును అన్నది. "అడిగాం కదండీ మాస్టారూ, అందరం అడిగాం, పాస్టరుగారు కూడా ఉపవాసం ఉండి అడిగారు" అన్నాడు. మీ అమ్మ దేవుడికి కావలసివచ్చిందని అంతకుముందే ఎవరో పెద్దవాళ్లు ఆ పిల్లవాడికి చెప్పారట; దేవుడికి ఎందుకు, నాకే కదా కావాలి అని ఏడ్చాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, నా యొద్దనుంచి తొలగించమని అడిగాడనీ, అది తొలగలేదనీ చెప్పాను. పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు బతిమాలితే, నా కృప నీకు చాలును అన్న మాట తప్ప స్వస్థత రాలేదనీ చెప్పాను. ప్రార్థన అంటే దేవుడి చేత మనకు కావలసినది చేయించుకునే మంత్రం కాదు. ఆ పిల్లవాడు ఆ వేళ సమాధానపడ్డాడని నేను చెప్పలేను. కానీ కార్డును చించేయలేదు, జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఆ పిల్లవాడి వంటివారి గాయాన్ని పుండు చేస్తున్నవి స్వస్థత కూటాలు. విశ్వాసముంటే చాలు, మందులు మానేయండని చెప్పి, షుగరు మాత్రలు, మూర్ఛ మాత్రలు ఆపించి, రోగం ముదిరితే నీకు విశ్వాసం చాల్లేదని రోగి మీదే నేరం మోపడం క్రూరత్వం. సువార్త రాసిన లూకా వైద్యుడని పౌలే రాశాడు. అమెరికన్ మిషనరీ వైద్యురాలు ఐడా స్కడరు 1900లో వేలూరులో మొదలుపెట్టిన చిన్న వైద్యశాల ఈనాడు క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగి, రాయలసీమనుంచి, నెల్లూరునుంచి రైలెక్కి వెళ్లే రోగులను నేటికీ చూస్తోంది. అక్కడ ప్రార్థనా ఉంది, శస్త్రచికిత్సా ఉంది. ఒకటి ఉన్నందుకు రెండోది మానలేదు. మందులు మాన్పించే బోధకుల మీద ప్రభుత్వం చర్య తీసుకుంటే అది మతం మీద దాడి అని మేము గగ్గోలు పెట్టకూడదు.

ఇక, మీది తెల్లవారి మతం, బియ్యం కోసం పుచ్చుకున్న మతం అనే మాట. ఇది మా ఒంగోలు వారికి కొత్త కాదు కాబట్టి కొంత వివరంగా రాస్తాను. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో స్థిరపడకముందే, 1866లో, తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఆయన మాదిగ కులంలో పుట్టి, యోగమార్గంలో దేవుణ్ణి వెతుకుతూ తిరిగిన మనిషి. తాను కనుగొన్నదాన్ని తెలుగులోనే, తన బంధువర్గంలోనే ఊరూరా తిరిగి చెప్పాడు; ఈ ప్రాంతంలో సంఘం పుట్టింది ప్రధానంగా ఆయన వంటివారి మాటతో. 1876లో మొదలైన దారుణ క్షామకాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం వేడుకుంటుంటే, ఆకలి తీరడానికి అడుగుతున్నారేమోనన్న అనుమానంతో క్షామసహాయం సాగినంతకాలం ఇవ్వలేదు. సహాయం అంతా ముగిసిపోయి, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పాక కూడా వారు కదలలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి. ఊరిబావి దగ్గరికి రానివ్వని మనుషులు ఆ నదిలో దిగి, దేవుడు తమను పేరు పెట్టి పిలిచాడని నమ్మారు. అంటరానితనం మోస్తున్న మనిషికి తాను దేవుని పోలికలో చేయబడ్డానన్న మాట ఏమిటో, ఆ బరువు ఎన్నడూ మోయనివారు తూకం వేసి చెప్పలేరు. వారు అమ్ముడుపోయారనడం మా తాతముత్తాతల బుద్ధిని, ఆత్మగౌరవాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడమే.

ఇంత చెప్పిన నేను ఇంకొకటి కూడా చెప్పకపోతే నిజం సగమే చెప్పినట్టవుతుంది. ఆ నదిలో వదిలిపెట్టిరావలసిన కులాన్ని మాలో చాలామంది ఒడ్డుకు తెచ్చుకున్నారు. పెళ్లి సంబంధాల్లో, సంఘ పెద్దల ఎన్నికల్లో, కొన్నిచోట్ల సమాధుల దొడ్డిలో సైతం కులం చూసే క్రైస్తవులున్నారు. ఒకే రొట్టె విరిచి పంచుకునే ప్రభువు బల్ల దగ్గర దీనికి చోటులేదు. దేవుణ్ణి నమ్మకపోవడానికి కారణంగా దీనిని చూపే యువకులతో నేను వాదించను. వారు ఎత్తిచూపుతున్నది క్రీస్తులోని లోపం కాదు, మా విధేయతలోని లోపం.

ఒక హైందవ సోదరి చివరగా అడిగిన ప్రశ్న నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది: జీవితమంతా ధర్మంగా బతికిన మా అమ్మ మీ దేవుడి దృష్టిలో నరకానికి పోయినట్టేనా అని. అమ్మా, మీ తల్లిగారికి తీర్పు తీర్చే అధికారం నాకుగాని, ఏ పాస్టరుకుగాని లేదు. నేనే మార్గమును అన్న యేసు మాటను నేను పలచన చేయలేను. రక్షణ ఆయన ద్వారానే అని నమ్ముతాను. ఆ రక్షణ ఎంతవరకు చేరుతుందో గిరిగీసే పని మాత్రం ఆయన మాకు అప్పగించలేదు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టినవారు, తాము పెట్టింది రాజైన క్రీస్తుకేనని తీర్పు దినాన తెలుసుకుని ఆశ్చర్యపోతారని మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో ఆయనే చెప్పాడు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము దేవుణ్ణే అడిగాడు. మీ తల్లిగారి విషయంలో నేను నిలబడేది ఆ మాట మీదే.

సందేహాన్ని పాపంగా చూసే అలవాటు మా మందిరాల్లో పోవాలి. గాయాలను చూసి తాకితేగాని నమ్మనన్న శిష్యుడు తోమాను యేసు వెళ్లగొట్టలేదు, గాయాలు చూపించాడు. మైలాపూరులో తన రక్తం చిందించాడని దక్షిణదేశపు సంప్రదాయం చెప్పేది ఆ తోమా గురించే. జబ్బుపడిన కొడుకును తీసుకొచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సహాయం చేయమని ఒకే ఊపిరిలో రెండూ అంటే, ఆ సగం విశ్వాసాన్నే యేసు అంగీకరించాడు. అందుకే మా ప్రాంతపు పాస్టర్లకు, సంఘ పెద్దలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. యౌవనస్థుల కూటాల్లో పాటలకు, ప్రసంగానికి ఇచ్చే సమయంలో కొంత ప్రశ్నలకు కేటాయించండి. జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పండి. భూస్థాపన సభల్లో మరణానికి కారణాలు చెప్పడం మానండి. దివిసీమ ఉప్పెనపై మొదటి ఉత్తరం రాసిన పాఠకులు నా జవాబుతో తృప్తిపడకపోతే మళ్లీ రాయాలని, మీరు దానిని ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఒంగోలు.